పాత టేబుల్ సా: బేరం నుంచి మొదటి కోత దాకా

రోజు 1

నాలుగేళ్ళుగా చేతి సర్క్యులర్ రంపంతోనే నెట్టుకొస్తున్నాను. ప్లైవుడ్ షీటు మీద అల్యూమినియం పట్టీ బిగించి దాని వెంబడి రంపాన్ని తోసుకుంటూ పోతే కోత తిన్నగానే వస్తుంది. కానీ ఒకే వెడల్పులో పన్నెండు బద్దలు కావాలంటే పన్నెండుసార్లు కొలవాలి, పన్నెండుసార్లు పట్టీ బిగించాలి. పోయిన నెల అల్మారా తలుపులకు చట్రాలు చేస్తుంటే పన్నెండింటిలో మూడు బద్దలు అర మిల్లీమీటరు తేడాగా వచ్చాయి. అర మిల్లీమీటరే కదా అని వదిలేస్తే చట్రం బిగించేటప్పుడు అదే మూలలో సందై కనబడుతుంది. బ్లేడు పక్కన చెక్కను ఆనించి తోసే ఫెన్స్ ఒక్కసారి బిగిస్తే పన్నెండూ అచ్చు గుద్దినట్టు రావాలి. దానికి టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి లేచి ఉండే రంపం, ఒక్కటే దారి.

నా దగ్గరున్న డబ్బుకు కొత్తగా వచ్చేది పని స్థలాలకు మోసుకెళ్ళే తేలిక రకం. అల్యూమినియం టేబుల్, బ్రష్‌లుండే యూనివర్సల్ మోటారు, చెవులు చిల్లులు పడే మోత. అదే డబ్బుకు పాతది వెతుక్కుంటే పోత ఇనుప టేబుల్, వెనక వేలాడే ఇండక్షన్ మోటారు, బెల్టు ఉన్న కాంట్రాక్టర్ సా వస్తుంది. అంతకంటే పెద్దది క్యాబినెట్ సా. దాని బరువు 200 కిలోలు దాటుతుంది, చాలావాటికి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. మా గదికి ఉన్నది సింగిల్ ఫేజే కాబట్టి అది వద్దనుకున్నాను. సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ కరెంటు తయారుచేసే వీఎఫ్‌డీ పెట్టి నడిపేవాళ్ళున్నారు గానీ, దాన్ని మోసుకొచ్చి దించే ఓపిక నాకు లేదు.

చూడ్డానికి వెళ్ళేముందు పుస్తకంలో ఒక్క మాట రాసుకున్నాను: బాగుచేయలేనివి ముందు చూడాలి. మోటారు, బేరింగులు, బెల్టు, స్విచ్, బ్లేడు, చివరికి ఫెన్స్ కూడా మార్చుకోవచ్చు. టేబుల్ ఇనుము వంకరపోయినా, కింద బ్లేడును మోసే ట్రనియన్ పగిలినా, బ్లేడు తిరిగే ఇరుసు వంగినా ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఏమీ లేదు. రంగు, తుప్పు చివర్న చూసుకోవచ్చు.

రోజు 5

మొదటిది చూసొచ్చాను. దూరం నుంచి కొత్తదానిలా మెరుస్తోంది. రంగు కొత్తది, టేబుల్ అద్దంలా ఉంది. అంత మెరుపు చూసేసరికి నాకు అనుమానమే వచ్చింది.

తిన్నటి ఉక్కు బద్దను టేబుల్ మీద మూల నుంచి మూలకు నిలబెట్టాను. కింద ఫీలర్ గేజ్ రేకులు, అంటే సందు కొలిచే తెలిసిన మందం రేకులు, ఒక్కొక్కటే దూర్చి చూశాను. బ్లేడు దూరే రంధ్రం దగ్గర 0.6 మి.మీ. రేకు తేలిగ్గా పోయింది. ఎవరో గ్రైండరుతో తుప్పు తీసి, తీసినచోటల్లా గుంట పెట్టారు. అంచుల్లో 0.15 మి.మీ. దాకా ఉన్నా నేను పట్టించుకోను. చెక్క ఆనేది, కోత జరిగేది బ్లేడు పక్కనే. అక్కడ గుంటుంటే బద్ద ఊగుతుంది, అంచు వాలుగా తెగుతుంది.

తర్వాత టార్చి పట్టుకుని టేబుల్ కిందికి దూరాను. వెనక ట్రనియన్ చెవి దగ్గర రంగు మిగతాచోట్ల కంటే మందంగా ఉంది. గోటితో గీకితే సన్నటి గీత కనబడింది. పోత ఇనుములో పగులు అది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. సాగే గుణం లేదు కాబట్టి మామూలు వెల్డింగు వేస్తే పక్కనే మళ్ళీ బీటలు తీస్తుంది. అమ్మేవారితో గొడవపడలేదు, వద్దని చెప్పి వచ్చేశాను. రెండు గంటల ప్రయాణం ఖర్చు తప్ప పోయిందేమీ లేదు.

రోజు 11

రెండోది. ఇది నచ్చింది.

అమ్మేది చేతిపని మానేస్తున్న ఒక వడ్రంగి. పెద్దాయన. షెడ్డులో మూల గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీస్తే టేబుల్ అంతా ఎర్రగా తుప్పు, ట్రనియన్ పళ్ళ మధ్య గట్టిగా అట్టకట్టిన రంపపు పొట్టు.

"చూసుకో బాబూ, దాచేదేం లేదు. బేరింగు అరుస్తుంది, అది నాకూ తెలుసు," అన్నారాయన.

ఉక్కు బద్ద పెట్టాను. మూలకు మూల, నిలువునా, అడ్డంగా. ఎక్కడా 0.1 మి.మీ. దాటలేదు. టేబులుకు ఎడమ పక్క బోల్టులతో బిగించిన రెక్క కొంచెం కిందికి జారింది, అది బోల్టుల దగ్గర పల్చటి రేకు పెడితే పోయే తేడా. ట్రనియన్లు రెండూ వేలితో తడిమి, చిన్న సుత్తితో తట్టి చూశాను. మంచి ఇనుము గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. రెండూ మోగాయి. చక్రం తిప్పి బ్లేడును పైకి, కిందికి, తర్వాత 45 డిగ్రీల దాకా వంచి చూశాను. బిగుసుగా ఉంది గానీ పళ్ళు అరిగిన జారుడు లేదు.

ఇక అసలైనది, ఇరుసు. బ్లేడు విప్పించి, బ్లేడు ఆనుకునే ఫ్లాంజిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, అయస్కాంతపు స్టాండుకు సన్న తేడాలు కొలిచే డయల్ గేజ్ బిగించి ముల్లును ఫ్లాంజి ముఖానికి ఆనించాను. చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.06 మి.మీ. ఆడింది. చిన్న సంఖ్యలా కనబడుతుంది. అయితే ఫ్లాంజి వ్యాసార్థం 20 మి.మీ., బ్లేడు వ్యాసార్థం 125 మి.మీ. అంటే ఇక్కడి తేడా పళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి ఆరింతలై దాదాపు 0.4 మి.మీ. అవుతుంది. బ్లేడు అంత ఊగితే కోత సందు ఆ మేరకు వెడల్పవుతుంది, అంచు గరుకుగా వస్తుంది. ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే చేతికే తెలిసింది, బేరింగులో ఆట ఉంది. తేడాలో ఎక్కువ భాగం దానిదే అని లెక్కేసుకున్నాను. ఇరుసు నునుపు భాగం మీద ముల్లు పెడితే అసలు కదల్లేదు. వంగలేదు. అది చాలు నాకు.

మోటారు వేసి చూశాం. కెపాసిటర్ స్టార్ట్ రకం. వెంటనే అందుకుంది, గుర్రుమని నిలబడిపోలేదు. ఆపాక వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట 'టక్'మంది. లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ మళ్ళీ మూసుకున్న చప్పుడది. ఆ టక్కు వినబడితే స్విచ్ పనిచేస్తోందని అర్థం. ఒకవేళ మోటారు గుర్రుమంటూ తిరక్కపోతే బ్లేడును చేత్తో తిప్పి అందించాలనే ఆలోచన కూడా రాకూడదు. అందుకున్న మరుక్షణం వేళ్ళు అక్కడే ఉంటాయి.

"స్ప్లిటర్ ఉందాండీ?" అని అడిగాను. బ్లేడు వెనక నిలబడే ఇనుప రేకు అది. చెక్క తెగాక రెండు ముక్కలూ మళ్ళీ దగ్గరకొచ్చి బ్లేడును బిగించకుండా అడ్డుపడుతుంది.

"అడ్డమని తీసేసి పదేళ్ళయింది. మళ్ళీ కనబళ్ళేదు." ఆయన ఒక్క క్షణం ఆగి, రంపం ముందు మనిషి నిలబడే చోటుకు వెనకున్న గోడను చూపించారు. నడుము ఎత్తులో సిమెంటు ఊడి అరచేయంత సొట్ట ఉంది. "అది తీశాకే పడింది. ఆ రోజు కాస్త పక్కకు నిలబడ్డాను కాబట్టి సరిపోయింది."

చాలాసేపు ఆ సొట్టనే చూస్తూ ఉండిపోయాను. 250 మి.మీ. బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పళ్ళు సెకనుకు 52 మీటర్లు పోతాయి. గంటకు దాదాపు 188 కిలోమీటర్లు. ముందు వైపు పళ్ళు చెక్కను టేబులుకేసి కిందికి నొక్కుతాయి, వెనక వైపు పళ్ళు పైకి లేస్తాయి. లేచే పళ్ళకు చెక్క చిక్కిందంటే ఆ ఊపుతో మన మీదికి విసిరేస్తాయి. స్ప్లిటర్ లేకుండా ఇందులో ఒక్క బద్ద కూడా కోయనని అక్కడే అనుకున్నాను.

బేరం ఎక్కువసేపు సాగలేదు. బేరింగులు, బెల్టు, స్విచ్, బ్లేడు, స్ప్లిటర్ మార్చాల్సినవని వరసగా చెప్పాను. ఆయన ఒప్పుకుని తగ్గించారు. నేను మళ్ళీ అడగలేదు. ఇరుసు నట్టు పానా, అడ్డకోతకు చెక్కను కోణంలో పట్టే పాత మైటర్ గేజ్, రెండు అరిగిన బ్లేడులు ఆయనే తెచ్చి ఇచ్చారు.

రోజు 12

తరలింపు. మోటారు, రెక్కలు, ఫెన్స్ పట్టాలు విడిగా తీసేశాక మిగిలినదాన్ని ఇద్దరం మోయగలిగాం. ఫెన్స్ పట్టాలు పట్టుకుని ఎత్తకూడదు, వంగిపోతాయి. బ్లేడు పూర్తిగా కిందికి దించి, వంపు సున్నాలో పెట్టి తాళం బిగించాను. విప్పే ముందు ప్రతి తీగకూ ఫోటో తీసుకున్నాను.

రోజు 15

ఇరుసు బయటికి తీయడానికి సాయంత్రమంతా పట్టింది. పుల్లీ రావడం లేదు. పుల్లీ రంధ్రంలో ఉన్న చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని మర) విప్పేశాను, పుల్లీని లాగే పుల్లర్ బిగించాను, ఎంత తిప్పినా కదల్లేదు. ఇంకొంచెం బలం పెడితే పోత ఇనుప పుల్లీ అంచు విరిగేదే. ఆగి, అదే రంధ్రంలోకి టార్చి వేసి చూశాను. అడుగున ఇంకో స్క్రూ మెరిసింది. ఒకే రంధ్రంలో ఒకదానిమీద ఒకటి రెండు స్క్రూలు. కింది స్క్రూ వదులవకుండా పైది తాళంలా ఉంటుంది. రెండోది తీశాక పుల్లీ చేతికే వచ్చేసింది. పాత యంత్రం విప్పేవాళ్ళు పుల్లర్ ముట్టుకునే ముందు రంధ్రంలోకి ఒకసారి తొంగిచూడండి.

బేరింగుల మీద సంఖ్య చెరిగిపోలేదు. 6203. లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40, మందం 12. ఎక్కడైనా దొరికే సైజు. పాతవి ఇనుప మూతలున్న జెడ్‌జెడ్ రకం. నేను రెండు పక్కలా రబ్బరు సీలుండే 2ఆర్ఎస్ తెచ్చాను. చెక్క పొడి మైదాపిండి కంటే సన్నగా ఉంటుంది, ఇనుప మూత అంచు సందులోంచి లోపలికి పోయి గ్రీజును పీల్చేస్తుంది. పాత బేరింగు తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది.

ఎక్కించేటప్పుడు ఒకటే జాగ్రత్త. ఇరుసు మీదికి ఎక్కిస్తుంటే లోపలి రింగు మీదే దెబ్బ పడాలి, గూట్లోకి దించుతుంటే బయటి రింగు మీదే. తప్పు రింగు మీద కొడితే ఆ దెబ్బ లోపలి ఉక్కు గుండ్ల మీదుగా పోయి గాడిలో చిన్న చిన్న గుంటలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజు నుంచే అరుస్తుంది. ఇరుసును రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, పొద్దున్నే సరైన సైజు గొట్టం ముక్క ఆనించి కొట్టాను. నాలుగు దెబ్బల్లో కూర్చుంది.

బిగించాక ఫ్లాంజి మీద మళ్ళీ డయల్ గేజ్. 0.02 మి.మీ. ఆ ముల్లు అలా దాదాపు కదలకుండా నిలబడటం చూసి నిజంగా సంతోషమేసింది.

రోజు 18

తుప్పు. కిరోసిన్ పోసి, బ్లేడు ముక్కతో పెచ్చులు గీకి, 320 నంబరు ఉప్పు కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి ఒకే దిశలో రుద్దాను. మచ్చలు కొన్ని మిగిలాయి, మిగలనీ. నునుపు ముఖ్యం, రంగు కాదు. మీద మైనం రెండు పూతలు. సిలికాన్ కలిసిన స్ప్రేలు వాడొద్దు. అది చెక్కకు అంటుకుంటే తర్వాత వేసే వార్నిష్ చేపకళ్ళలా విడిపోతుంది. కింద ట్రనియన్ పళ్ళకు గ్రీజు పూయలేదు, పొట్టు అంటుకుని మళ్ళీ అట్టకడుతుంది. పళ్ళు బ్రష్‌తో తోమి మైనమే రాశాను.

రోజు 20

మోటారు పలక మీద 2850 ఆర్‌పీఎం అని ఉంది. మోటారు పుల్లీ 100 మి.మీ., ఇరుసు పుల్లీ 70 మి.మీ. అంటే బ్లేడు 4070 దగ్గర తిరుగుతుంది, సరైన వేగమే.

పాత స్విచ్ స్థానంలో నో వోల్ట్ రిలీజ్ రకం పెట్టాను. కరెంటు పోయి తిరిగొస్తే యంత్రం తనంతట తాను మొదలవ్వదు. కెపాసిటర్ విప్పేముందు రెసిస్టర్ ఆనించి దానిలో దాగిన కరెంటును దింపాను. ప్లగ్ పీకేసినా అది షాకు కొడుతుంది.

బిగించి నడిపితే టేబుల్ వణికింది. బేరింగులు కొత్తవి, ఇరుసు తిన్నగా ఉంది, మరి ఇదేంటి? కారణం బెల్టు. ఏళ్ళ తరబడి కదలకుండా ఒకే ఆకారంలో ఉండిపోయి పుల్లీల దగ్గర గూనిపడింది. తిరిగేటప్పుడు ఆ గూను పుల్లీ మీద పడ్డప్పుడల్లా ఒక కుదుపు. కొత్త బెల్టు వేసి, రెండు పుల్లీల ముఖాలకూ ఉక్కు బద్ద ఆనించి ఒకే వరసలోకి తెచ్చాను. ఇప్పుడు నాణెం అంచు మీద నిలబెట్టి స్విచ్ వేస్తే నిలబడే ఉంటోంది.

రోజు 24

ఈ రోజంతా సరిచూడటానికే పోయింది. నిన్న కూడా పోయింది, నిన్న చేసింది తప్పు కాబట్టి.

అన్నిటికీ ఆధారం టేబుల్ మీద మైటర్ గేజ్ జారే గాడి. ముందు బ్లేడును ఆ గాడికి సమాంతరంగా తేవాలి, ఆ తర్వాతే ఫెన్సును తేవాలి. నిన్న గాడిలో చెక్క బద్ద జార్చి, దానికి డయల్ గేజ్ బిగించి, బ్లేడు ముందు పన్ను దగ్గర ఒకసారి, వెనక పన్ను దగ్గర ఒకసారి కొలిచాను. 0.3 తేడా వచ్చింది. ట్రనియన్ బోల్టులు వదులు చేసి జరిపాను. మళ్ళీ కొలిస్తే 0.4. మళ్ళీ జరిపితే ఇంకోలా.

రాత్రి పడుకున్నాక తట్టింది. నేను ముందు ఒక పన్నును, వెనక వేరే పన్నును కొలుస్తున్నాను. ఏ బ్లేడూ అద్దంలా చదునుగా ఉండదు, పన్నుకూ పన్నుకూ తేడా ఉంటుంది. బ్లేడు వంకరా, గాడితో దానికున్న వాలూ కలిసిపోయి ఒకే సంఖ్యగా వస్తున్నాయి. ఒకే పన్నుకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, దాన్ని ముందు కొలిచి, బ్లేడు తిప్పి అదే పన్నును వెనక కొలవాలి. అప్పుడు బ్లేడు వంకర రెండు చోట్లా ఒక్కలాగే ఉండి కొట్టుకుపోతుంది.

ఈ రోజు అలాగే చేశాను. ట్రనియన్ బోల్టుల్లో ముందుదొకటి బిగువుగా ఉంచి మిగతావి వదులు చేసి, వెనకను చెక్క సుత్తితో వేలితో తట్టినంత మెల్లగా తట్టాను. నాలుగో ప్రయత్నానికి 0.04. బోల్టులు బిగించాక మళ్ళీ కొలిచాను, బిగిస్తుంటే జరిగిపోవడం మామూలే. 0.05 దగ్గర వదిలేశాను.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. బ్లేడును 45 డిగ్రీలు వంచి అదే కొలత తీయాలి. తీస్తే 0.2. నిలువుగా ఉన్నప్పుడు సమాంతరంగా ఉన్నది వంచితే ఎందుకు తప్పుతుంది? ముందు ట్రనియన్, వెనక ట్రనియన్ ఒకే ఎత్తులో లేవు. బ్లేడు వంగే అక్షం టేబులుకు సమాంతరంగా లేదన్నమాట. వెనక ట్రనియన్‌కూ టేబులుకూ మధ్య ఇత్తడి రేకు 0.5 మి.మీ. పెట్టాను. 45 దగ్గర తేడా 0.05 కంటే తక్కువకొచ్చింది. రేకు పెట్టాక నిలువు కొలత మళ్ళీ మొదట్నుంచి. చిరాకైన పనే, కానీ ఒకసారి చేస్తే ఏళ్ళు ఉంటుంది.

తర్వాత ఫెన్స్. గాడికి సమాంతరంగా పెట్టి, వెనక చివర 0.1 మి.మీ. బయటికి తెరిచాను. లోపలికి మాత్రం ఎప్పుడూ మూసుకోకూడదు. చెక్క బ్లేడుకూ ఫెన్సుకూ మధ్య ఇరుక్కుంటే పెద్దాయన గోడ మీది సొట్టే.

రోజు 28

స్ప్లిటర్. ఈ రకం రంపానికి అసలు స్ప్లిటర్ దొరకలేదు. కొత్త యంత్రాల్లో స్ప్లిటర్ పనే చేసే రైవింగ్ నైఫ్ బ్లేడుతోపాటే లేస్తుంది, దిగుతుంది, వంగుతుంది. దాన్ని దీనికి అమర్చడానికి చోటు లేదు. వేలు తగిలితే 5 మిల్లీసెకన్లలోపే బ్లేడును ఆపేసే సాస్టాప్ లాంటి రంపాలు 2004 నుంచి అమ్మకానికి ఉన్నాయి. ఆ వ్యవధిలో బ్లేడు మూడో వంతు చుట్టు మాత్రమే తిరుగుతుంది. పాతదానికి అది పెట్టుకునే వీలు లేదు. కాబట్టి నా చేతిలో ఉన్నంతలో చేశాను.

బ్లేడు చుట్టూ ఉండే మూత పలకను 12 మి.మీ. ప్లైవుడ్‌తో కొత్తగా కోసుకున్నాను. గూట్లో పెట్టి, మీద అడ్డంగా దుంగ క్లాంపులతో బిగించి, తిరిగే బ్లేడును నెమ్మదిగా కింది నుంచి పైకి లేపితే బ్లేడు తన సందు తానే కోసుకుంది. పక్కన ఖాళీ ఉండదు కాబట్టి సన్న ముక్కలు లోపలికి జారిపడవు, అడుగు అంచు చీలదు. అదే కోతను వెనక్కి పొడిగించి గట్టి చెక్క రెక్క ఒకటి ఎపాక్సీతో అతికించాను. నార రెక్క ఎత్తు వెంట కాకుండా పొడవు వెంట ఉండాలి అనుకుని మొదటిది చేస్తే చేతిలోనే పుటుక్కున విరిగింది. నిలువు నారతో రెండోది చేశాను, అది నిలిచింది.

మందం దగ్గర లెక్క ఉంది. నా బ్లేడు పళ్ళ కోత 3.2 మి.మీ., పళ్ళ వెనక రేకు 2.2. స్ప్లిటర్ ఈ రెంటికీ మధ్య ఉండాలి. 3.2 దాటితే చెక్క అందులో ఇరుక్కుంటుంది, మరీ పల్చగా ఉంటే కోత మూసుకుపోయాక ఆపలేదు. చిత్రిక పట్టి, కాగితంతో రుద్ది 2.9 దగ్గర ఆపాను. మూత వెనక చివరను టేబులుకు స్క్రూతో పట్టించాను, లేదంటే చెక్కతోపాటు మూతే లేస్తుంది. ఇది నిలువు కోతకే. వంపు కోతకు వేరే మూత, వేరే రెక్క చేయాలి.

రోజు 30

24 పళ్ళ బ్లేడు వేశాను. నార వెంట కోతకు తక్కువ పళ్ళే మేలు, పొట్టు బయటికి పోవడానికి పళ్ళ మధ్య చోటుంటుంది. అడ్డకోతకు 60 పళ్ళది పక్కన పెట్టాను.

కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు. చేతి తొడుగులు వేసుకోలేదు, తిరిగే బ్లేడుకు గుడ్డ చిక్కితే చేతినే లాగుతుంది. బ్లేడుకు ఎడమ పక్కగా నిలబడి, తోపుడు కర్ర కుడి చేత్తో పట్టుకుని మొదటి బద్ద తోశాను. మోటారు స్వరం కొంచెం దిగింది, మళ్ళీ లేచింది. చెక్క రెండుగా విడిపోతూ స్ప్లిటర్‌ను దాటి పోయింది. అంచు మీద వేలు పెడితే రంపపు గీతలు తగల్లేదు.

ఫెన్స్ కదపకుండా పన్నెండు బద్దలు కోశాను. కాలిపరుతో కొలిస్తే అన్నీ 0.1 మి.మీ. లోపలే ఉన్నాయి. ఆ తేడాగా వచ్చిన మూడు బద్దలను పక్కన పడేసి, అల్మారా తలుపు చట్రం ఈ రాత్రే మళ్ళీ బిగిస్తున్నాను. మూలల్లో జిగురు ఆరాక వచ్చే వారం 45 డిగ్రీల మూత మొదలు.